అమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోడానికి నాకు ఏడు నెలలు పట్టింది

జనవరి 31 రాత్రి నెల లెక్కలు చూసుకుంటూ కూర్చున్నాను. మాది చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు, స్కెచ్‌బుక్కులు అమ్మే చిన్న ఆన్‌లైన్ స్టోర్. నేనూ మా చెల్లీ కలిసి నడుపుతున్నాం. యాడ్స్, ఈమెయిళ్లు, వెబ్‌సైట్ నేను చూసుకుంటాను. కుట్టు, ప్యాకింగ్, కస్టమర్లతో మాటలు తను చూసుకుంటుంది.

ఆ నెల మేం యాడ్స్ ఇచ్చే మొదటి ప్లాట్‌ఫామ్ తన వల్ల 58 అమ్మకాలు జరిగాయని చూపించింది. సెర్చ్ యాడ్స్ ఇచ్చే రెండోది 41 అని చెప్పింది. ఈమెయిళ్లు పంపే టూల్ 37 తన ఖాతాలో వేసుకుంది. కూడితే 136. పైకే చదివినట్టున్నాను, చెల్లి టేపు కోస్తూ తలెత్తి, "అక్కా, నేను ప్యాక్ చేసింది 97 పెట్టెలే. మిగతా 39 ఎవరు పంపినట్టు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏడాదిగా ఆ అంకెలు చూసే ఏ యాడ్‌కి ఎంత పెట్టాలో నిర్ణయిస్తూ వచ్చాను. మా అమ్మకాల్లో దాదాపు పావు వంతు యాడ్స్‌కే పోతోంది. ఆ పావు వంతు సరైన చోట పెడుతున్నానో లేదో నాకు తెలియదని ఆ రాత్రి అర్థమైంది. చాలాసేపు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఆగస్టు దాకా ఏం చేశానో, ఎక్కడ ఎన్ని రోజులు పోయాయో వరసగా రాస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి కొన్ని వారాలైనా మిగలాలని నా కోరిక.

ముందు ఆ 39 సంగతి. మూడు చోట్లా సెట్టింగులు చదవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి ప్లాట్‌ఫామ్‌లో, యాడ్ క్లిక్ చేసిన 7 రోజుల్లోపు కొన్నా, క్లిక్ చేయకుండా ఊరికే కంటపడిన ఒక రోజులోపు కొన్నా ఆ అమ్మకం దాని వల్లే అని రాసుకుంటుంది. రెండోదాంట్లో క్లిక్ చేసినప్పటి నుంచి 30 రోజులు. ఈమెయిల్ టూల్ అయితే, మెయిల్ తెరిచిన 5 రోజుల్లోపు కొంటే చాలు. ఒకే మనిషి సోమవారం యాడ్ చూసి, బుధవారం మెయిల్ తెరిచి, గురువారం మా పేరు వెతికి కొంటే ముగ్గురూ ఒక్కో అమ్మకం రాసుకుంటారు. వాటిలో ఏదీ అబద్ధం చెప్పడం లేదు. కానీ దేని లెక్క దానిదే, పక్కవాడి లెక్క దానికి తెలియదు. అందుకే ఆ మూడు అంకెలు ఎప్పుడూ కూడకూడదు. నేను ఏడాది పాటు కూడుతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 3న లింకులకి యూటీఎం ట్యాగులు, అంటే మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడో చెప్పే గుర్తులు, పెట్టడం మొదలుపెట్టాను. లింక్ చివర ప్రశ్నార్థకం పెట్టి సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అని మూడు ముక్కలు తగిలించడమే. అరగంట పని అనుకున్నాను, నాలుగు రోజులు పట్టింది. ట్యాగ్ పెట్టడానికి కాదు, మా లింకులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికి. సోషల్ మీడియా ప్రొఫైళ్లు, పాత వీడియోల కింద వివరణలు, ఆర్డర్ అందిందని వెళ్లే ఆటోమేటిక్ మెయిళ్లు, నా మెయిల్ సంతకం, పెట్టెలో వేసే కార్డు మీది క్యూఆర్ కోడ్. ఆ కార్డులు ఇంకా 400 ఉన్నాయి, అన్నీ నేరుగా హోమ్ పేజీకే వెళ్తాయి. అచ్చయిపోయిన దాన్ని మార్చలేం కదా. కొత్త కార్డుల్లో మాత్రం క్యూఆర్ కోడ్ మా సైట్‌లోనే ఉన్న ఒక చిన్న చిరునామాకి వెళ్లేలా చేశాను. అక్కణ్నుంచి ట్యాగ్ ఉన్న లింకుకి మళ్లిస్తాం. రేపు ట్యాగ్ మార్చాలన్నా మళ్లీ అచ్చు వేయక్కర్లేదు.

ట్యాగుల్లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరువేరని నాకు తెలియదు. ఈమెయిల్ అనే మాటని ఒకసారి క్యాపిటల్‌తో, ఒకసారి చిన్నక్షరాలతో, ఒకసారి మధ్యలో గీతతో రాశాను. వారం తర్వాత రిపోర్టులో మూడు వేర్వేరు వరుసలు వచ్చాయి. అప్పుడు ఒక షీట్ తయారుచేసి, వాడాల్సిన పేర్లన్నీ చిన్నక్షరాల్లో రాసిపెట్టుకున్నాను. షీట్‌లో లేని పేరుతో లింక్ పోకూడదని ఇద్దరం అనుకున్నాం. ఇన్ని నెలల్లో నాకు బాగా పనికొచ్చింది ఆ షీటే.

ఫిబ్రవరి 10న ట్యాగ్ ఉన్న లింక్ నుంచి నేనే ఒక నోట్‌బుక్ కొని చూశాను. సైట్‌కి ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో, ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4 స్టోర్ మొదలైనప్పటి నుంచీ సైట్‌లో ఉంది కానీ నేనెప్పుడూ సరిగ్గా తెరిచింది లేదు. నా ఆర్డర్ అప్పటికప్పుడు జరిగేది చూపించే రియల్‌టైమ్ పేజీలో కనిపించింది, అసలు రిపోర్టులో కనిపించలేదు. సాయంత్రం దాకా సెట్టింగులు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను. ఆ రిపోర్టుల్లోకి డేటా పూర్తిగా రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చని తర్వాత చదివాను. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే, ఆ రోజు కంగారులో మార్చిన సెట్టింగులన్నీ మర్నాడు వెనక్కి పెట్టే పని ఉండేది కాదు.

రెండు రోజులకి నా ఆర్డర్ కనబడింది. కానీ సోర్స్ దగ్గర నేను పెట్టిన ట్యాగ్ లేదు, డబ్బు కట్టించుకునే కంపెనీ వాళ్ల వెబ్ చిరునామా ఉంది. వెనక్కి వెళ్లి జనవరి చూస్తే అక్కడా అదే. నమోదైన 79 ఆర్డర్లలో 31 ఆ చిరునామా పేరు మీదే ఉన్నాయి. కస్టమర్ మా సైట్ నుంచి వాళ్ల పేజీకి వెళ్లి, డబ్బు కట్టి తిరిగి వస్తాడు కదా. ఆ తిరిగి రావడాన్నే అది కొత్త రాకగా లెక్కపెట్టింది. సెట్టింగుల్లో అక్కర్లేని రెఫరల్స్ జాబితా ఒకటుంది, అంటే ఏ సైట్ల నుంచి వచ్చిన రాకలని లెక్కపెట్టకూడదో చెప్పేది. అందులో ఆ చిరునామా చేర్చాక సమస్య పోయింది. పాత డేటా మాత్రం బాగుపడదు. ఆ 31 ఆర్డర్లు ఎక్కణ్నుంచి వచ్చాయో ఇక ఎప్పటికీ తెలియదు.

97 ఆర్డర్లకి 79 మాత్రమే ఎందుకు నమోదయ్యాయన్నది ఇంకో ప్రశ్న. కొందరు డబ్బు కట్టగానే విండో మూసేస్తారు. మా కృతజ్ఞతల పేజీకి తిరిగి రారు. అమ్మకం లెక్కపెట్టే కోడ్ ఉన్నది ఆ పేజీలోనే. కొందరి బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ ఉంటుంది. కొందరు కుకీలు (మనిషిని గుర్తుపట్టడానికి సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు) వద్దంటారు, అది వాళ్ల హక్కు. ఇంకో వైపు, అదే పేజీని రెండోసారి తెరిస్తే అమ్మకం రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. ఆర్డర్ నంబర్ కూడా పంపితేనే రెండోది తీసేస్తుంది. మాది పంపడం లేదు, సరిచేశాను. ఎన్ని సరిచేసినా అనలిటిక్స్ అంకె, ఆర్డర్ల అంకె సమానం కావు. కొన్ని రోజులు వాటిని సమానం చేయాలని తంటాలు పడి మానేశాను. నిజంగా అమ్మింది ఎన్ని అన్న ప్రశ్నకి మా ఆర్డర్ల జాబితా ఒక్కటే జవాబు. అనలిటిక్స్‌ని వాటాలు తెలుసుకోడానికే వాడుతున్నాను.

మధ్యలో నేను చేసిన తప్పు ఒకటుంది. హోమ్ పేజీలో పెట్టిన బ్యానర్‌ని ఎంతమంది నొక్కుతున్నారో చూద్దామని దానికీ యూటీఎం ట్యాగ్ పెట్టాను. ట్యాగులు బయటి నుంచి లోపలికి వచ్చే లింకులకే పెట్టాలి. యాడ్ నుంచి వచ్చినవాళ్లు బ్యానర్ నొక్కగానే యాడ్ పేరు పోయి బ్యానర్ పేరు పడింది. తొమ్మిది రోజుల డేటా అలా పాడైంది.

ఇంత చేసినా, ఫలానా ఆర్డర్ ఎక్కణ్నుంచి వచ్చిందంటే చెప్పలేకపోయేదాన్ని. అనలిటిక్స్ గుంపుల లెక్క చెబుతుంది. నాకు ఒక్కో ఆర్డర్ పక్కన దాని సోర్స్ కావాలి. తర్వాత వెనక్కి వచ్చినవి, రద్దయినవి తీసేసి చూడాలంటే అదొక్కటే దారి. మార్చి 5 నుంచి 9 దాకా ఒక డెవలపర్‌తో ఆ పని చేయించాను. ఆ నెల మా లాభంలో దాదాపు మూడో వంతు దానికే పోయింది. ఏప్రిల్ 8న, భయపడి చాలాకాలంగా వాయిదా వేస్తున్న వూకామర్స్ (మా స్టోర్ నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాం. ఆర్డర్ల జాబితాలో ఒక్కో ఆర్డర్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూపించే ఆరిజిన్ అని కొత్త కాలమ్ వచ్చింది. 8.5 వెర్షన్ నుంచీ, అంటే 2024 జనవరి నుంచీ, అది అందులోనే ఉచితంగా ఉందట. డబ్బిచ్చి చేయించుకున్నది తెరిచి చూస్తే దాదాపు అదే. డెవలపర్ తప్పేమీ లేదు, నేను అడిగిందే చేశాడు. కానీ ఆ రోజంతా మనసు బాలేదు. మీ స్టోర్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికే ఏముందో చూసుకున్నాకే ఎవరికైనా డబ్బివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. మార్చిలో ఆర్డర్లు 83కి పడిపోయాయి. కారణం తెలియలేదు. యాడ్స్ బలహీనపడ్డాయనుకుని నెల మధ్యలో సెర్చ్ యాడ్స్ ఖర్చు పెంచాను. దాని రిపోర్టు బాగానే కనబడింది కూడా. మా స్టోర్ పేరు వెతికి, పైన వచ్చే మా యాడ్ నొక్కి కొనేవాళ్లు పెరిగారు. నేను చేసింది మంచి పనే అనిపించింది. చెల్లికి మాత్రం నమ్మకం కుదరలేదు. "పేరు పెట్టి వెతుకుతున్నారంటే మన పేరు వాళ్లకి ముందే తెలుసు కదక్కా. ఎలా తెలిసిందో వాళ్లనే అడుగుదాం" అంది.

అలా ఏప్రిల్ 12న, డబ్బు కట్టిన తర్వాత వచ్చే పేజీలో ఒక ప్రశ్న పెట్టాం: మా గురించి మొదట ఎక్కడ విన్నారు? మొదటి రెండు రోజులు ఎంచుకోడానికి జాబితా ఇచ్చాను. దాదాపు అందరూ జాబితాలో మొదట ఉన్నదే నొక్కారు. వరస మారిస్తే కొత్తగా మొదటికి వచ్చినదాన్ని నొక్కారు. జాబితా తీసేసి ఖాళీ పెట్టె పెట్టాం. రాసేవాళ్లు తగ్గుతారని భయపడ్డాను కానీ నెల రోజుల్లో 104 ఆర్డర్లకి 63 మంది రాశారు. ఆ జవాబులు చదవడం వేరే అనుభవం. అంతకు ముందు నేను చూసినవి క్లిక్కులు, ఇవి మనుషుల మాటలు.

ఏప్రిల్ 19 ఉదయం వచ్చిన జవాబు ఇది: "మా డ్రాయింగ్ టీచర్ ఇచ్చిన సామాన్ల లిస్టులో మీ లింక్ ఉంది. అది పనిచేయలేదు, అందుకే పేరు వెతికి వచ్చాను."

రెండుసార్లు చదివాను. ఏ టీచర్, ఏ లిస్టు? ఆ కస్టమర్‌కి మెయిల్ రాస్తే మధ్యాహ్నానికల్లా ఆ పీడీఎఫ్ పంపింది. ఒకే పేజీ. పెన్సిళ్లు, రబ్బరు, ఆ తర్వాత 3వ నంబర్‌లో మా మందపాటి కాగితం స్కెచ్‌బుక్, పక్కన నీలం రంగులో లింక్. నొక్కాను. మా సైటే తెరుచుకుంది, "ఈ పేజీ దొరకలేదు" అని వచ్చింది.

ఏం జరిగిందో క్షణంలో తెలిసిపోయింది. ఫిబ్రవరి 20న సైట్ సర్దుతూ, రెండు సైజులకి విడివిడిగా ఉన్న రెండు పేజీలని కలిపి ఒకటి చేశాను. పాత పేజీలు తీసేశాను. పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లింపు పెట్టలేదు. ఆ పాత పేజీ లింక్ మా సైట్ బయట ఎక్కడో ఒకరి పీడీఎఫ్‌లో ఉంటుందని నాకు తోచనే లేదు.

అనలిటిక్స్‌లో ఆ "దొరకలేదు" పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందో చూశాను. రెండు నెలల్లో 212 సార్లు. వాళ్లలో ఎంతమంది మా పేరు వెతికి మళ్లీ వచ్చారో, ఎంతమంది అక్కడే ఆగిపోయి ఇంకో చోట కొనుక్కున్నారో తెలిసే దారి లేదు. ఒక టీచర్ మమ్మల్ని నమ్మి తన విద్యార్థులని పంపితే, మేం తలుపు మూసి పెట్టుకున్నాం. ఆ బాధ మాటల్లో చెప్పలేను. చెల్లితో చెప్పాలంటేనే నోరు రాలేదు. తను విని, "ముందు లింక్ బాగుచెయ్యి అక్కా, బాధ తర్వాత పడదాం" అంది.

ఆ సాయంత్రమే మళ్లింపు పెట్టాను. పెట్టేటప్పుడు తట్టింది: పాత చిరునామా నుంచి కొత్త పేజీకి మళ్లించేటప్పుడు, వెళ్లే చిరునామా చివర మనం ట్యాగ్ పెట్టుకోవచ్చు. పీడీఎఫ్‌లోంచి నొక్కే లింకులకి ఎక్కణ్నుంచి వచ్చారన్న సమాచారం సాధారణంగా రాదు. అవన్నీ డైరెక్ట్ అనే పేరు కింద పడిపోతాయి. వాట్సాప్‌లో ఒకరు ఇంకొకరికి పంపే లింకులదీ చాలావరకు అంతే. కానీ ఆ పాత చిరునామా ఇప్పుడు ఆ పీడీఎఫ్‌లో తప్ప మా సొంత పేజీల్లో ఎక్కడా లేదు. కాబట్టి దాని గుండా వచ్చేవాళ్లలో ఎక్కువమంది టీచర్ గారి విద్యార్థులే అయ్యుంటారు. ఆవిణ్ని ఇబ్బంది పెట్టకుండా, ఆ పీడీఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా లెక్క దొరికింది.

జనవరిలో డైరెక్ట్‌గా వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ పాత పేజీ మీదే దిగారో, వాళ్లు ఏం కొన్నారో వివరంగా చూద్దామనుకున్నాను. అనలిటిక్స్‌లో మనం సొంతంగా తయారుచేసుకునే ఎక్స్‌ప్లోరేషన్ రిపోర్టుల్లో జనవరి ఖాళీగా వచ్చింది. వివరమైన డేటా దాచే గడువు మొదట్లో 2 నెలలకే పెట్టి ఉంటుంది. 14 నెలలకి మనమే మార్చుకోవాలి. మార్చినా అప్పటికే పోయింది తిరిగి రాదు. మిగతావన్నీ తర్వాత చదివినా ఫర్వాలేదు, ఈ సెట్టింగ్ మాత్రం ఇవాళే చూసుకోండి. మామూలు రిపోర్టుల్లో మొత్తాలు ఉన్నాయి, వాటిలో ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. డైరెక్ట్ కింద వచ్చినవాళ్లలో సగానికి పైగా హోమ్ పేజీకి కాదు, నేరుగా ఆ స్కెచ్‌బుక్ పేజీకే వచ్చారు. అంత పొడుగు చిరునామా ఎవరూ చేత్తో టైప్ చేయరు. ఎక్కడో ఒక లింక్ ఉందని ఆ వరుస నెలల తరబడి చెబుతూనే ఉంది, నేనే చూడలేదు.

మే 11 నాటికి ఆ 63 జవాబులు ఇలా తేలాయి. టీచర్ చెప్పారన్నవాళ్లు 19. స్నేహితులు చెప్పారన్నవాళ్లు 14. సోషల్ మీడియాలో చూశామన్నవాళ్లు 11, వెతుకుతుంటే కనిపించిందన్నవాళ్లు 8, పాత కస్టమర్లు 6, గుర్తులేదన్నవాళ్లు 5. టీచర్ పేరు చెప్పిన ఆ 19 మంది ఆర్డర్లు తెరిచి ఆరిజిన్ కాలమ్‌లో ఏముందో ఒక్కొక్కటే చూశాను. 9 సెర్చ్ యాడ్ మీద ఉన్నాయి, 4 మామూలు సెర్చ్ మీద, మిగతా 6 డైరెక్ట్ మీదో పీడీఎఫ్ ట్యాగ్ మీదో. మార్చిలో నేను మురిసిపోయిన సెర్చ్ యాడ్ రిపోర్టు అదన్నమాట. లింక్ తెగిపోయి వాళ్లు మా పేరు వెతికితే, పైన మా యాడే వచ్చింది, దాన్నే నొక్కారు. టీచర్ ఉచితంగా పంపిన మనిషికి నేను యాడ్ డబ్బు కట్టాను. కట్టడమే కాదు, అది బాగా పనిచేస్తోందని ఖర్చు పెంచాను.

ఆ తర్వాత రిపోర్టు చదివి ఏ నిర్ణయమూ తీసుకోబుద్ధి కాలేదు. యాడ్ ఆపి చూస్తేనే దాని విలువ తెలుస్తుందనిపించింది. ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబే వాళ్లు ఇలాంటి ప్రయోగం చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. తమ పేరు మీద ఇచ్చే సెర్చ్ యాడ్స్ ఆపితే, ఆ క్లిక్కులు దాదాపు అన్నీ మామూలు సెర్చ్ ఫలితాల గుండానే వచ్చేశాయి. ఈబే అంటే అందరికీ తెలిసిన పేరు. మా చిన్న పేరుకి అది వర్తిస్తుందో లేదో మేమే చూసుకోవాలి. ముందు ఒక పని చేశాను: మా పేరు వెతికితే వేరే ఎవరైనా యాడ్ ఇస్తున్నారా అని చూశాను. ఎవరూ లేరు. ఉంటే ఆపడానికి సాహసించేదాన్ని కాదు.

జూన్ 1 నుంచి 14 దాకా మా పేరు మీద సెర్చ్ యాడ్స్ పూర్తిగా ఆపేశాను. మొదటి మూడు రోజులు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. ఆర్డర్ మోత వినిపించకపోతే గుండె దడ. రాత్రి 11కి లేచి ఆన్ చేసేద్దామా అనుకున్న రోజు కూడా ఉంది. అంతకు ముందు రెండు వారాల్లో 51 ఆర్డర్లు, ఆపిన రెండు వారాల్లో 50. ఆ యాడ్ మళ్లీ పెట్టలేదు. మా యాడ్ ఖర్చులో మూడో వంతు మిగిలింది.

ఆ ధైర్యంతో జూలై 1న మొదటి ప్లాట్‌ఫామ్ యాడ్స్ కూడా ఆపాను. వాటి మీద నాకు అనుమానం ఇంకా ఎక్కువ. ఆరిజిన్ కాలమ్‌లో వాటి పేరు మీద నెలకి పదికి మించి ఆర్డర్లు ఉండవు, వాళ్లేమో 58 అంటారు. ఇవీ అనవసరమే అయ్యుంటాయని దాదాపు నిర్ణయించేసుకున్నాను. మొదటి వారం 25 ఆర్డర్లు, మామూలే. రెండో వారం 22. మూడో వారం 17. మొదటిసారి కొనేవాళ్లు వారానికి 14 మంది ఉండేవాళ్లు, 6కి తగ్గారు. వారానికి పాతిక ఆర్డర్లు వచ్చే చోట ఒకటి రెండు తేడాని పట్టించుకోకూడదు. కానీ ఇది వారం వారం దిగుతూ పోయింది, అదీ కొత్తవాళ్ల దగ్గరే దిగింది.

జూలై 22న మళ్లీ మొదలుపెట్టాను. వెంటనే లేవలేదు. 18, 20, 23 అలా పెరుగుతూ పాత స్థాయికి రావడానికి నాలుగో వారం పట్టింది. ఈ పరీక్షకి అయిన ఖర్చు ఎక్కడా బిల్లుగా కనబడదు కానీ బాగానే అయింది. ఆ వారాల్లో కుట్టే వాళ్లకి సరిపడా పని ఇవ్వలేకపోయాం. ఇంకోసారి చేస్తే మొత్తం ఆపను, కొన్ని ప్రాంతాల్లో ఆపి మిగతాచోట్ల ఉంచుతాను. అప్పుడు రెండింటినీ ఒకే వారంలో పోల్చి చూడొచ్చు, దెబ్బ కూడా చిన్నది.

అయితే ఆ యాడ్స్ ఆర్డర్ల మీద ఎందుకు కనబడలేదు? ఇప్పుడు నాకు అర్థమైంది ఇది. వాటిని చూసినవాళ్లు అప్పటికప్పుడు కొనరు. ఫోన్‌లో చూస్తారు, పది పదిహేను రోజుల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని పేరు వెతికి కొంటారు. పరికరం మారితే దారం తెగుతుంది. పరికరం మారకపోయినా తెగే చోట్లు ఉన్నాయి. సఫారీ బ్రౌజర్‌లో సైట్ కోడ్ పెట్టే కుకీ, మనిషి తిరిగి రాకపోతే 7 రోజుల్లో చెరిగిపోతుంది. ఎనిమిదో రోజు వచ్చిన పాత మనిషి మాకు కొత్త మనిషే. ఆ ప్లాట్‌ఫామ్ చెప్పే 58 ఎక్కువ, నా కాలమ్ చెప్పే పది తక్కువ. అసలు అంకె మధ్యలో ఎక్కడో ఉంది. దాన్ని ఇంకా కచ్చితంగా చెప్పలేను, కానీ సున్నా కాదని మాత్రం మూడు వారాల నష్టంతో తెలుసుకున్నాను.

వెనక్కి వచ్చినవి తీసేసి చూడటం అన్నిటికన్నా ఆలస్యంగా చేశాను. ఒక కూపన్ సైట్ నుంచి నెలకి ఏడెనిమిది ఆర్డర్లు వస్తున్నాయని సంతోషపడ్డాం. ఆ కూపన్ మేం ఈమెయిల్ చదివేవాళ్లకి మాత్రమే ఇచ్చింది, ఎలాగో బయటికి పోయింది. ఆర్డర్లు తెరిచి చూస్తే వాళ్లలో చాలామంది బుట్టలో పుస్తకం వేసుకున్నాక, కోడ్ కోసం బయటికి వెళ్లి తిరిగి వచ్చినవాళ్లే. ఎలాగూ కొనబోతున్నవాళ్లకే తగ్గింపు ఇస్తున్నాం. కోడ్ మార్చేశాం.

టీచర్ గారికి మే నెలలోనే మెయిల్ రాశాం. లింక్ తెగినందుకు క్షమించమని అడిగి, ఆమె విద్యార్థుల వల్ల వచ్చే అమ్మకాల్లో వాటా ఇస్తామన్నాం. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. "నాకేమీ ఇవ్వక్కర్లేదమ్మా. నీటి రంగులు వేస్తే ఆఖరి పేజీలు వంకర తిరుగుతున్నాయి. అది చూడండి చాలు." చెల్లి అప్పటికప్పుడు ఒక పుస్తకం తెరిచి, బ్రష్ తడిపి ఆఖరి పేజీ మీద రాసింది. మర్నాటికి అట్ట దగ్గరి నాలుగు కాగితాలు అలలా లేచాయి. అట్టకి అంటించే జిగురు ఆ కాగితాల్లోకి పాకుతోంది. జూన్ నుంచి జిగురు మార్చాం. పీడీఎఫ్ ట్యాగ్ మీద మే నెలలో 31 ఆర్డర్లు వచ్చాయి, పైసా యాడ్ ఖర్చు లేకుండా.

ఇప్పుడు ప్రతి సోమవారం గంటసేపు ఇద్దరం కూర్చుంటాం. షీట్‌లో ఒక్కో ఆర్డర్‌కి మూడు కాలమ్‌లు: ట్యాగ్ ఏం చెప్పింది, కస్టమర్ ఏం రాశారు, ఆర్డర్ నిలిచిందా వెనక్కి వచ్చిందా. ప్లాట్‌ఫామ్‌ల అంకెలు వేరే పేజీలో ఉంటాయి, వాటిని కూడం. "దొరకలేదు" పేజీ రిపోర్టు కూడా ఆ గంటలోనే చూస్తాం. అక్టోబరులో ఈమెయిళ్లకి పరీక్ష పెట్టాలని ఉంది. జాబితాలో పదో వంతు మందికి నెలపాటు ఏ మెయిలూ పంపకుండా, వాళ్లు కొనేదాంట్లో తేడా వస్తుందో లేదో చూడాలి.

మొన్న సోమవారం చెల్లి జవాబులు చదివి వినిపిస్తోంది. "రైల్లో నా పక్కన కూర్చున్నావిడ మీ పుస్తకంలో బొమ్మ వేస్తోంది. అట్ట వెనక మీ పేరు చదివాను" అని రాశారు ఒకరు. ఆ ఆర్డర్ మీద ఆరిజిన్ డైరెక్ట్ అని ఉంది. షీట్‌లో కస్టమర్ మాట కింద ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఎక్కించాను. అట్ట వెనక పేరు ఇప్పుడు చాలా చిన్నగా ఉంది. వచ్చే విడత నుంచి కొంచెం పెద్దగా ముద్రించమని చెల్లి అచ్చు వాళ్లకి అప్పుడే ఫోన్ చేసింది.